చల్లారని బట్టీ

బోదిల్ కోఫోడ్ ఇటుకలు పేర్చి మూసిన కుండల బట్టీ తలుపు మీద అరచెయ్యి ఆనించి, అంతే వేగంగా వెనక్కి తీసుకుంది. ఇటుకలు ఇంకా చుర్రుమంటున్నాయి.

"ఏమంటోంది మీ సాక్షి? నోరు విప్పిందా?" అన్నాడు వెనకనుంచి ఫ్లెమింగ్ బ్రూన్.

"ఇంకా లేదు. సాయంత్రానికి విప్పుతుంది."

"సాయంత్రం ఓడకి నేను ఆ అమ్మాయిని తీసుకుని కోపెన్‌హేగెన్ వెళ్లిపోతున్నాను. ఆ తర్వాత మీ సాక్షి ఎంతసేపు మాట్లాడినా నాకేం అభ్యంతరం లేదు."

బ్రూన్ రాజధాని నుంచి దిగిన ఇన్‌స్పెక్టర్. బోర్న్‌హోమ్ దీవిలో సైకిలు పోయినా, తాగినవాళ్లు కొట్టుకున్నా చూసుకోవడానికి ఇక్కడి పోలీసు బోదిల్ చాలు. కానీ ఈసారి చనిపోయినవాడు ఎస్కిల్ థోర్సెన్ కాబట్టి పైవాళ్లకు బ్రూన్ అవసరం అనిపించింది. ఎస్కిల్ చేసిన కూజా లేని ఇల్లు ఈ దీవిలో దొరకడం కష్టం. మట్టిని రాయంత గట్టిపడేదాకా కాల్చి, దాని మీద గోధుమరంగులో మెరిసే గ్లేజు, అంటే గాజు పూత, తెప్పించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన చేసింది అదే. రాజధాని మ్యూజియంలో ఆయన కూజా ఒకదానికి విడిగా అద్దాల పెట్టె కూడా ఉంది.

ఆ ఎస్కిల్ ఆదివారం పొద్దున ఈ షెడ్డులోనే, బట్టీకి ఎదురుగా వేసిన కుర్చీలో, తల పక్కకి వాల్చేసి కనిపించాడు. ముఖం గులాబీరంగులో, కడుపునిండా తిని కునుకు తీస్తున్నవాడిలా ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవాళ్లు అలాగే ఉంటారని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు పోయాడో మాత్రం తేల్చలేకపోయాడు. బట్టీ వేడికి శవం చల్లబడనే లేదు. శనివారం సాయంత్రం నుంచి తెల్లవారేలోపు ఎప్పుడైనా కావచ్చునని చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు సోమవారం మధ్యాహ్నం.

"మళ్లీ మొదటినుంచి చెప్తాను. ఎక్కడైనా తప్పుంటే ఆపండి," అన్నాడు బ్రూన్. "ఈ కుండలవాళ్లు బట్టీ బాగా కాగాక లోపలికి గాలి పోకుండా బిగిస్తారు. మంటకి ఊపిరాడదు. గ్లేజుకి ఏవో రంగులు రావాలంటే అలా చెయ్యాలట. ఊపిరాడని మంట విషవాయువు కక్కుతుంది. అవునా?"

"అవును."

"అందుకే సముద్రం వైపు గోడకి ఆ పెద్ద చెక్క కిటికీ. బట్టీ వెలిగిన రోజు దాన్ని బార్లా తీసి ఉంచాలి. అది తీసే పని ఎస్కిల్ దగ్గర పనిచేసే ఆల్మాది. ఆదివారం మనం వచ్చేసరికి దానికి బయటినుంచి గడియ పెట్టి ఉంది. శనివారం ఆ దారిన చివరగా వెళ్లింది ఆల్మా. ఎస్కిల్ రాసిన వీలునామా ప్రకారం ఈ ఇల్లూ, షెడ్డూ, బట్టీ ఎవరివి? ఆల్మావి. ఇంకేం కావాలి మీకు?"

"బట్టీ లోపల ఏముందో కావాలి."

"కుండలుంటాయి," అన్నాడు బ్రూన్.

బోదిల్ బట్టీ చుట్టూ మరోసారి తిరిగింది. గ్యాసు కుళాయి కట్టేసి ఉంది. పొగగొట్టానికి అడ్డంగా జారే ఇనపపలక పూర్తిగా లోపలికి తోసి ఉంది. లోపలి మంట చూసుకోవడానికి తలుపులో వదిలే రెండు కన్నాలకీ ఇటుకముక్కలు బిగించి, చుట్టూ మట్టి మెత్తి, ఆ మట్టిని వేలితో నున్నగా దిద్ది ఉంది. లోపలి వేడి ఒక్కసారిగా బయటికి పోకుండా, సరుకు నిదానంగా చల్లారడానికి కుండలవాళ్లు చేసే ఆఖరి పని ఇది. బోదిల్ పుట్టింది ఈ తీరంలోనే. చిన్నప్పుడు ఇలాంటి షెడ్లలో వెచ్చదనం కోసం చేరి చీవాట్లు తినని పిల్లలు ఇక్కడ లేరు.

"ఇది చూడండి," అంది. "విషవాయువు పీల్చి ప్రాణం పోతున్న మనిషి ఇంత ఓపిగ్గా అన్నీ సర్ది, మట్టి దిద్ది, చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చుంటాడా?"

"పని అయ్యాకే కూర్చున్నాడు. అప్పటికే పీల్చాల్సింది పీల్చేశాడు. కూర్చున్నవాడు లేవలేదు."

"కావచ్చు."

"కావచ్చు కాదు, అంతే," అని బ్రూన్ కోటు దులుపుకున్నాడు. షెడ్డులో ఏది ముట్టుకున్నా తెల్లటి దుమ్ము అంటుకుంటోంది. ఆ దుమ్ము మీద ఆయనకు పొద్దుటినుంచీ కోపంగా ఉంది.

ఆల్మా ఎస్కిల్ ఇంటి వంటగదిలో కూర్చుని ఉంది. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఎస్కిల్ దగ్గర పనిలో చేరి ఆరేళ్లయింది. నిన్నటినుంచి నిద్రలేక కళ్లు వాచిపోయాయి. మట్టికి పగిలిన చేతులను టేబుల్ మీద పెట్టుకుని వాటినే చూస్తోంది. బోదిల్ తలుపు మూసి ఎదురుగా కూర్చుంది.

"కిటికీ తీశావా లేదా?"

"తీశాను మేడమ్. తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాను. తర్వాతే బస్సెక్కాను. రోన్నెలో మా అక్క కూతురి పుట్టినరోజు. ఆదివారం మొదటి బస్సుకి తిరిగొచ్చాను. వచ్చేసరికి..."

"నువ్వు వెళ్లేటప్పటికి బట్టీ ఏ దశలో ఉంది?"

"మొదటి దశ. అప్పుడు గంటా రెండు గంటలు దాన్ని వదిలేసి వెళ్లినా ఏం కాదు. లోపల నారింజరంగు వచ్చాకే గాలి బిగించాలి. అది సాయంత్రం మాస్టారు చేసుకుంటానన్నారు."

"మీ మాస్టారు చేసేది గోధుమరంగు సరుకు. దానికి గాలి బిగించినా, బిగించకపోయినా గోధుమరంగే వస్తుందని మా నాన్న అనేవాడు. నిజమేనా?"

"పట్టిచూస్తే తేడా ఉంటుంది. మామూలు కంటికి తెలీదు."

"మరి ఇందులో ఉన్నది గోధుమరంగు సరుకేనా?"

ఆల్మా తల ఎత్తలేదు. టేబుల్ మీది చేతులు ఒడిలోకి లాక్కుంది. బోదిల్‌కి అది చాలు.

"చెప్పు."

"ఎవరికీ చెప్పనని మాస్టారికి మాటిచ్చాను."

"ఆయన పోయాడమ్మా. బయట బ్రూన్ మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. నీ కోసం బేడీలు కూడా తెచ్చుకున్నాడు. మాట నిలబెట్టుకుంటావో, నిన్ను నిలబెట్టుకుంటావో ఆలోచించుకో."

ఆల్మా మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. "ఎరుపు," అంది. "మొత్తం బట్టీ ఎరుపే. రాగి కలిపిన గ్లేజు. మాస్టారు కుర్రతనంలో దాని వెంటపడి, మూడేళ్లు సరుకంతా పాడుచేసుకుని, అందరిచేతా నవ్వించుకుని వదిలేశారట. గోధుమరంగు కూజాలు అమ్ముడుపోయాయి, పేరొచ్చింది, అదే చేస్తూ ఉండిపోయారు. ఈ ఏడు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు సారె మీద మట్టి నిలబెట్టలేకపోయారు. ఆ రోజు ఏడ్చారు మేడమ్. ఇంకొక్క ఏడాదే ఈ చేతులు నావి, ఆ ఎరుపు చూడకుండా పోలేనన్నారు. ఎండాకాలమంతా తలుపేసుకుని చేశారు. ఆయన నేస్తం ఓవె గారిక్కూడా చెప్పలేదు. మళ్లీ నవ్వుతారని."

"రాగి గ్లేజుకి గాలి బిగించకపోతే?"

"ఆకుపచ్చగా వస్తుంది. బిగిస్తే ఎరుపు, వదిలేస్తే పచ్చ. మధ్యలో ఇంకేం లేదు. ఆఖరిదాకా పట్టు సడలకుండా బిగించి ఉంచాలి."

బోదిల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. డాక్టరుకు తెలియనిది, బ్రూన్‌కు అక్కర్లేనిది ఆ ఇటుకల వెనక ఉంది. అబద్ధమాడలేని రంగుగా ఉంది.

"ఆల్మా, సరిగ్గా విను. లోపల ఎరుపు వచ్చి ఉంటే బట్టీకి గాలి బిగించారన్నమాట. విషవాయువు అందులోంచే వచ్చిందన్నమాట. మూసిన కిటికీ మీ మాస్టారిని చంపినట్టే, ఆ కిటికీ నీ మెడకి చుట్టుకున్నట్టే. నేనింకేం చెయ్యలేను. పచ్చగా వస్తే మాత్రం ఆ బట్టీ ఎవరినీ చంపలేదు. కిటికీ మూసి ఉంటే ఎంత, తీసి ఉంటే ఎంత. అర్థమైందా?"

"అయింది."

"ఈ మాట బ్రూన్ చెవిన పడనివ్వకు. సమయం వచ్చినప్పుడు నేనే చెప్తాను."

ఆల్మా తలూపింది. తర్వాత నెమ్మదిగా అంది. "నేను ఎరుపే రావాలని కోరుకుంటున్నాను మేడమ్. ఏమనుకోకండి. అది ఆయన ఆఖరి బట్టీ."

బోదిల్‌కి కోపం రావాలి. రాలేదు. ఈ పిల్లని ఎలాగైనా సరే ఓడ ఎక్కనివ్వకూడదని మాత్రం గట్టిగా అనిపించింది.

వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడైంది. వచ్చినవాడు ఓవె మున్క్. ఈ తీరంలో మిగిలిన మరో కుండలమాస్టరు, ఎస్కిల్‌కి కుర్రతనం నుంచీ నేస్తం. అరవై దాటినా ఎద్దులా ఉంటాడు. చేతిలో కాగితంలో చుట్టిన పొగలో కాల్చిన చేపలు, చంకలో రై రొట్టె.

"పోలీసులు తిండి పెట్టరని తెలిసి తెచ్చాను," అన్నాడు లోపలికొస్తూనే. "బోదిల్, మీ నాన్న ఉంటే నిన్ను చూసి గర్వపడేవాడో, ఈ పిల్లని మాడబెట్టినందుకు చెవి మెలిపెట్టేవాడో తెలీదు."

"రెండూ చేసేవాడు. కూర్చోండి ఓవె గారూ. శనివారం సాయంత్రం మీరెక్కడ?"

"ఇంట్లో. ఇంకెక్కడుంటాను, డాన్సు చెయ్యడానికి వెళ్తానా?"

బ్రూన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మీ ఇంటినుంచి ఈ పొగగొట్టం కనిపిస్తుందా?"

"మేడ మీది పడకగదిలోంచి, కొండ మీదుగా దీని కొస బాగా కనిపిస్తుంది. గజమెత్తు మంట లేస్తోంది పొగగొట్టం పైకి. పడుకునేదాకా చూస్తూనే ఉన్నాను. మావాడు మళ్లీ గాలి బిగించి మురికి మంట మొదలెట్టాడురా అనుకున్నాను. నేనైతే జన్మలో ఆ పని చెయ్యలేదయ్యా. నా బట్టీ చర్చిలో కొవ్వొత్తిలా శుభ్రంగా మండుతుంది. నా ఊపిరితిత్తులూ శుభ్రం, నా నీలం పువ్వుల పళ్లాలూ శుభ్రం."

"శుభ్రంగా మండే బట్టీకి పైకి మంట రాదా?"

"రాదు. గాలి చాలని మంటే బయటి గాలి కోసం పొగగొట్టం ఎక్కి వస్తుంది. ఎవర్నైనా అడుగు."

బ్రూన్ బోదిల్ వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. విన్నారా అన్నట్టుంది ఆ చూపు. బోదిల్ గుండె కాస్త జారింది. గాలి బిగించారంటే లోపల ఎరుపే.

"మీకూ ఎస్కిల్‌కీ ఎప్పుడైనా పేచీ వచ్చిందా?" అంది, ఏదో ఒకటి అడగాలని.

ఓవె గట్టిగా నవ్వాడు. "పేచీ లేని రోజుంటేనా. మొదట తొమ్మిదేళ్లు ఇద్దరం ఒకే షెడ్డులో చేశాం. ఇద్దరి సరుకు అడుగునా కొట్టే ముద్ర ఒకటే. విడిపోయేటప్పుడు ముద్ర వాడి దగ్గర ఉండిపోయింది. మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉందే కూజా, దాని పొట్ట నాది, మెడ నాది, పిడి నాది. పేరొక్కటి వాడిది. వచ్చే వసంతంలో వాడి పనంతా ఒకచోట పెట్టి ప్రదర్శన చేస్తారట. పిలిస్తే వెళ్లి, నా కూజాని నేనే టిక్కెట్టు కొనుక్కుని చూసొద్దామనుకున్నాను."

బోదిల్ కూడా నవ్వింది. ఓవె చెప్పే తీరు అలాంటిది.

బ్రూన్‌కి ఇక ఓపిక లేదు. "చాలు. మంట చూసిన సాక్షి దొరికాడు. కోఫోడ్ గారూ, మీ ముచ్చట కూడా తీర్చేస్తాను. గునపం తెప్పించి ఆ తలుపు ఇప్పుడే పగలగొట్టిస్తాను. లోపల చూసుకోండి, సంతకం పెట్టండి, నన్ను పంపండి."

ఆ మాట పూర్తవకముందే ఓవె లేచి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు పోయింది. "వద్దు. అయ్యా, ఆ పని చెయ్యకు. అరచెయ్యి పెట్టి ఒక కాఫీ తాగేంతసేపు ఉంచగలిగితేనే తలుపు తియ్యాలి. ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు తీస్తే చల్లగాలి కొట్టి ఒక్కొక్కటీ టప్‌టప్‌మని పగిలిపోతుంది. వాడు పోయాడు, వాడి చేతి చివరి పని అది. దాన్నైనా బతకనివ్వు."

ఓవె కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్రూన్ అంతటివాడు కూడా చూపు తిప్పుకున్నాడు.

"సరే. ఓడ వేళకి రెండు గంటల ముందు దాకా. ఆ తర్వాత వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా గునపమే."

"అప్పటిదాకా ఈ పిల్లని మా ఇంటికి తీసుకెళ్తాను," అన్నాడు ఓవె. "రెండు ముద్దలు తిని కాసేపు పడుకుంటుంది. కొండ అవతలే కదా. పారిపోయేందుకు ఇదేమన్నా ఖండమా, దీవి."

"కుదరదు," అన్నాడు బ్రూన్.

"ఎందుకు కుదరదు?" అంది బోదిల్. "మీరింకా అరెస్టు చెయ్యలేదు. పూచీ నాది. తీసుకెళ్లండి ఓవె గారూ."

"ఆమె మాయమైతే మీ ఉద్యోగం కూడా మాయమవుతుంది, కోఫోడ్ గారూ."

"తెలుసు. వెళ్లు ఆల్మా."

ఓవె తన కోటు తీసి ఆ పిల్ల భుజాల మీద వేసి వ్యాను దాకా నడిపించాడు. బ్రూన్ చెయ్యి చాచినా అందనంత దూరానికి ఆల్మా వెళ్లిపోవడం చూశాక బోదిల్‌కి కొంచెం ఊపిరాడింది.

షెడ్డులోకి వచ్చాక ఆమె బ్రూన్‌కి అంతా చెప్పేసింది. రాగి, ఎరుపు, పచ్చ. దాచడానికి ఇక కారణం లేదు. బ్రూన్ మధ్యలో ఆపకుండా విన్నాడు. మనిషి మొండివాడే గాని మూర్ఖుడు కాదు.

"ఇంతసేపూ ఈ ముక్క నా దగ్గర ఎందుకు దాచారు?"

"చెప్పి ఉంటే గునపం ఇంకా ముందే తెప్పించేవారు. వేడిగా ఉన్న గ్లేజుకి గాలి తగిలితే రంగు మారిందని రేపు లాయరెవడైనా వాదిస్తాడు. చల్లారాక తీస్తే ఆ నోరు మూతపడుతుంది."

"ఎరుపు వస్తే?"

"బేడీలు నేనే వేస్తాను."

"ఓవె మంట చూశానన్నాడుగా. ఎరుపే వస్తుంది," అన్నాడు బ్రూన్. ఈసారి ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కాస్త జాలి కూడా ఉందేమో.

ఇద్దరూ చెరో పెట్టె మీద కూర్చున్నారు. బోదిల్ మధ్యమధ్యలో లేచి తలుపు మీద చెయ్యి వేసి చూస్తోంది. బ్రూన్ పొగచేప ముక్క రొట్టెలో పెట్టుకుని తిన్నాడు. తిన్నాక ఆయన కూడా లేచి చెయ్యి వేసి చూశాడు. ఒకరి తర్వాత ఒకరు, ఆస్పత్రిలో జ్వరం చూసే నర్సుల్లా తిరిగారు. చివరికి ఒకసారి బోదిల్ అరచెయ్యి ఆనించి, తియ్యకుండా అలాగే ఉంచింది. చాలాసేపు ఉంచింది.

"తియ్యండి," అంది.

బ్రూన్ కోటు విప్పి మేకుకి తగిలించాడు. పై వరుస ఇటుకలను తనే ఒక్కొక్కటి లాగి కిందపెట్టాడు. వెచ్చటి గాలి ముఖాలకి కొట్టింది. బోదిల్ టార్చి వెలిగించి ఆ సందులోంచి చూసింది.

పచ్చ.

సముద్రపు రాళ్లకు పట్టిన నాచు రంగు. పై అరలో గిన్నెలు పచ్చ. ఇటుకలు తీసేకొద్దీ కింద అరలో కూజాలు పచ్చ, దాని కింద పొడుగు పాత్రలు పచ్చ. నున్నగా, ఒక్క పగులు లేకుండా, నిండు పచ్చగా వరసలు తీరి నిలబడ్డాయి. ఎరుపు చుక్క ఎక్కడా లేదు.

బోదిల్‌కి ముందు ఏడుపు వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసి, వణికే చేత్తో చేసుకున్నదంతా ఇలా అయిపోయిందని ఎస్కిల్ కోసం గుండె తరుక్కుపోయింది. ఆ తర్వాతే ఆల్మా గుర్తొచ్చింది. ఆ పిల్ల బయటపడింది. అక్కడే పెట్టె మీద కూలబడింది.

"ఒప్పుకుంటున్నాను," అన్నాడు బ్రూన్, ఒక కూజా చేతిలోకి తీసుకుని. "ఈ బట్టీకి ఎవరూ గాలి బిగించలేదు. మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా మండింది. విషవాయువు దీంట్లోంచి రాలేదు. ఎస్కిల్ ఇంకెక్కడో చనిపోయాడు. ఎవరో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీకి గడియ పెట్టారు."

"బట్టీ మొదటి దశలో ఉన్నప్పుడే ఆయన్ని ఎవరో బయటికి పిలిచారు. అప్పుడు గంట సేపు వదిలేసి వెళ్లినా ఏం కాదని ఆల్మా చెప్పింది. వెళ్లినవాడు ప్రాణాలతో తిరిగి రాలేదు."

"మరి ఈ సరుకు కాల్చిందెవరు? గ్లేజు అద్దంలా కరిగింది. ఒక్కటి వంగలేదు, ఒక్కటి అంటుకోలేదు."

"అదే నేనూ చూస్తున్నాను. చంపినవాడు గ్యాసు కట్టేసి పారిపోవచ్చు. పోలేదు. శవాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సాయంత్రమంతా ఈ మంట చూసుకుంటూ నిలబడ్డాడు. సరుకు పండేదాకా ఆగి, కన్నాలు మూసి, మట్టి దిద్ది అప్పుడు వెళ్లాడు. ఎస్కిల్ కాల్పు పూర్తిచేసుకునే పోయాడని మనం నమ్మాలని కొంత. ఇంకొంత, నిండు బట్టీని సగంలో వదిలేసి వెళ్లడం వాడి చేత కాలేదు. వాడు కుండలవాడు."

"కుండలవాడైతే గాలి బిగించి ఉండేవాడు కదా?"

"లోపల ఎరుపుందని తెలిస్తే బిగించేవాడు. ఎస్కిల్ బట్టీలో ఎప్పుడూ ఉండే గోధుమరంగు సరుకే అనుకున్నాడు. అది ఎలా కాల్చినా గోధుమరంగే, పోలీసుల కళ్లకి తేడా తెలీదు. అందుకని తన బట్టీ ఎలా కాల్చుకుంటాడో దీన్నీ అలాగే కాల్చాడు. శుభ్రంగా."

ఆ చివరి మాట అన్నాక బోదిల్ ఆగిపోయింది. బ్రూన్ కూజాని నెమ్మదిగా అరలో పెట్టేశాడు.

"శుభ్రంగా మండితే పొగగొట్టం పైకి మంట రాదు," అన్నాడు. "ఆయనే చెప్పాడు. మరి పడుకునేదాకా గజమెత్తు మంట చూశానన్నాడే?"

"చూడలేదు. గాలి బిగించారని మనం నమ్మడానికి చెప్పాడు."

"తలుపు పగలగొట్టొద్దని బతిమాలాడు."

"నిజంగానే బతిమాలాడు. వాడి చేత్తో కాల్చిన సరుకు అది." మ్యూజియంలోని కూజా పొట్ట నాది, మెడ నాది అని ఓవె అన్నప్పుడు తను నవ్వడం బోదిల్‌కి గుర్తొచ్చింది. ఎవరైనా ముప్ఫై ఏళ్లు నవ్వుతూ చెప్పుకునే బాధలో నవ్వెంత ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించి ఉండవలసింది.

"ఆ అమ్మాయి..." అన్నాడు బ్రూన్.

బోదిల్ అప్పటికే పరుగెడుతోంది. వంటగదిలో గోడ ఫోను తీసి ఓవె ఇంటి నంబరు తిప్పింది. మోగింది. మోగుతూనే ఉంది. బ్రూన్ గుమ్మంలో నిలబడి కారు తాళాలు జేబులోంచి తీశాడు. ఇంకా మోగుతోంది. చివరికి ఎవరో ఎత్తారు.

"హలో..." ఆల్మా గొంతు. మాట ముద్దగా, ఎక్కడో లోతునుంచి వస్తోంది.

"ఆల్మా, నేను బోదిల్‌ని. ఓవె ఏడీ?"

"లేరు... పడుకోమన్నారు. వంటింట్లో బెంచీ మీద పడుకున్నాను."

"బట్టీలో ఏముందో ఆయనకి చెప్పావా?"

"తింటుంటే అడిగారు. మీరు బ్రూన్ గారికి చెప్పొద్దన్నారు గాని, ఓవె గారు మాస్టారి నేస్తం కదా. చెప్పేశాను. ఆయన తినడం మానేశారు. చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నాకు దుప్పటి కప్పి, తల నిమిరి వెళ్లారు."

"ఆ చప్పుడేంటి? నీ వెనకాల ఏదో మోగుతోంది."

"వ్యాను. పక్కనే గరాజ్. బ్యాటరీ నీరసంగా ఉంది, ఇంజను కాసేపు ఆన్ చేసి ఉంచుతానన్నారు."

"గరాజ్‌కీ వంటింటికీ మధ్య తలుపుందా?"

"ఉంది. తీసే ఉంది... తల బరువుగా ఉంది మేడమ్. కాళ్లు లేవట్లేదు."

విషవాయువు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఇప్పుడు అది కూడా మిగల్లేదు. ఎస్కిల్‌ని చంపింది ఆ గరాజ్ గాలే, రాగి సంగతి చెప్పగల ఆల్మా నోరు కూడా ఓవె దాంతోనే మూయిస్తున్నాడు. బోదిల్ రిసీవర్ మీద చెయ్యి మూసి బ్రూన్ వైపు తిరిగింది. "గరాజ్‌లో ఇంజను నడుస్తోంది. పిల్ల లోపలుంది." బ్రూన్ మేకుకి తగిలించిన కోటు సంగతి మరిచిపోయి కారులోకి దూకాడు. కొండ చుట్టి వెళ్లే దారి తప్ప వేరే దారి లేదు.

"ఆల్మా, విను. లేచి కిటికీ తియ్యి."

"పడుకుంటాను మేడమ్. నిద్రొస్తోంది... బట్టీ తీశారా?"

"తీశాం."

"ఏ రంగొచ్చింది?"

పచ్చ అంటే ఆ పిల్ల ఏడ్చి కళ్లు మూసుకుంటుంది. ఎరుపు అంటే తృప్తిగా మూసుకుంటుంది.

"చెప్పను," అంది గట్టిగా. "కిటికీ తియ్యి, అప్పుడు చెప్తాను. నడవలేకపోతే పాకు. కిటికీ రాకపోతే దేంతోనైనా అద్దం పగలగొట్టు. ఏ రంగొచ్చిందో తెలుసుకోవాలని లేదా నీకు? మీ మాస్టారి ఆఖరి బట్టీ కదా. కదులు."

అవతల రిసీవర్ నేలకు కొట్టుకున్న చప్పుడైంది. బట్ట దేనికో రాసుకున్నట్టు ఒకసారి వినిపించింది. తర్వాత అది కూడా ఆగిపోయింది. ఇంజను మాత్రం నిదానంగా, తడబడకుండా నడుస్తోంది.

"ఆల్మా," అంది బోదిల్. "ఆల్మా, నా మాట వినపడుతోందా?"

రెండు చేతులతో రిసీవర్ చెవికి అదుముకుని, అద్దం పగిలే చప్పుడు కోసం బోదిల్ అలాగే నిలబడిపోయింది. ఆ పిల్లని ఆ ఇంటికి పంపింది తనే.